అమ్మానాన్నలకి న్యూయార్క్ చూపించాలి – మూడు రోజులు, ఐదుగురం, తక్కువ ఖర్చు. ప్లాన్ చూసి చెప్పండి

ఓహియో_చిన్నోడు
అందరికీ నమస్కారం. మేం కొలంబస్‌లో ఉంటాం. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు, అక్టోబర్ చివర్లో తిరుగు ప్రయాణం. ఈలోపు ఒక్కసారి న్యూయార్క్ చూపించాలని ఉంది. నాన్నకి 68, బాగానే నడుస్తారు. అమ్మకి 63, మోకాళ్ల నొప్పి, మెట్లంటే భయం, పూర్తి శాకాహారి. నేను, మా ఆవిడ, ఐదేళ్ల పాప. కారులోనే వద్దామనుకుంటున్నాం, కొలంబస్ డే (అక్టోబర్ రెండో సోమవారం సెలవు) లాంగ్ వీకెండ్‌కి.

లిస్టు: స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, ఎంపైర్ స్టేట్, టైమ్స్ స్క్వేర్, 9/11 మెమోరియల్, సెంట్రల్ పార్క్, బ్రూక్లిన్ బ్రిడ్జి, మెట్ మ్యూజియం, వాల్ స్ట్రీట్ ఎద్దు. అన్నీ కలిపి 1500 డాలర్లు దాటకూడదని మా ఆవిడ షరతు. టైమ్స్ స్క్వేర్ దగ్గర హోటళ్లు చూస్తే కళ్లు తిరిగాయి.

ఇంకో తలనొప్పి. ఏ టికెట్ చూసినా నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చేస్తారు. మార్చాక "మీరు వెళ్లి రండి, మేం ఇక్కడే కూర్చుంటాం" అంటారు. దీనికేమైనా మందు ఉంటే చెప్పండి.

ఎడిసన్_లక్ష్మి
ముందు ఆ లాంగ్ వీకెండ్ మానెయ్ బాబూ. హోటల్ రేట్లు ఆ మూడు రోజులూ కొండెక్కుతాయి, క్యూలు కూడా. ఒక వారం ముందు రండి, సోమవారం సెలవు పెట్టుకో. అక్టోబర్ మొదట్లో ఎండ కొట్టదు, మరీ చలీ ఉండదు, పెద్దవాళ్లకి హాయి.

రెండోది, నగరం నడిబొడ్డున మన్‌హటన్‌లో హోటల్ వద్దు. ఐదుగురికి ఒక గదిలో చోటు చాలదు, రెండు గదులంటే నీ బడ్జెట్ అక్కడే అయిపోతుంది. నదికి అవతల న్యూజెర్సీలో సికాకస్ వైపో, జెర్సీ సిటీ వైపో చిన్న వంటగది ఉన్న సూట్ హోటల్ చూడు. పొద్దున్న టిఫిన్ ఇచ్చేవి, కారుకి పార్కింగ్ ఇచ్చేవి దొరుకుతాయి. రాత్రి వచ్చి కుక్కర్‌లో అన్నం పెట్టుకుని పెరుగు కలుపుకుంటే మీ అమ్మగారికి ప్రాణం లేచొస్తుంది. బయట రోజుకి ఒక్క పూట తింటే చాలు.

మిడ్‌టౌన్_మూర్తి
లక్ష్మి గారితో సగమే ఏకీభవిస్తాను. న్యూజెర్సీలో ఉంటే మధ్యాహ్నం గదికి వెళ్లి గంట నడుం వాల్చడం కుదరదు. పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ అదే ముఖ్యం. లాంగ్ ఐలాండ్ సిటీలో చూడండి, క్వీన్స్ అయినా రైలెక్కితే మన్‌హటన్ ఒకటి రెండు స్టాపులే. మన్‌హటన్ కంటే చవక.

కానీ కారు తెస్తున్నారు కాబట్టి అక్కడ పార్కింగ్ కష్టమే. సరే, కారు ఉన్నవాళ్లకి న్యూజెర్సీయే నయం, ఒప్పుకుంటాను.

కారు మన్‌హటన్‌లోకి మాత్రం తేవొద్దు. 2025 జనవరి నుంచి 60వ వీధికి దిగువన కారు వస్తే పగటిపూట 9 డాలర్లు వేస్తున్నారు. సొరంగం టోల్ వేరు, పార్కింగ్ వేరు. మూడూ కలిస్తే ఐదుగురూ రోజంతా రైళ్లలో తిరిగినా అంత కాదు.

సందేహాల_సత్తి
అన్నా, హోటల్ ఎందుకు, ఎయిర్‌బీఎన్‌బీలో మొత్తం ఇల్లు తీసుకుంటే ఐదుగురూ హాయిగా ఉండొచ్చు కదా?

మిడ్‌టౌన్_మూర్తి
న్యూయార్క్ సిటీలో కుదరదు సత్తీ. 2023 సెప్టెంబర్ నుంచి రూలు గట్టిగా అమలు చేస్తున్నారు. 30 రోజుల లోపు అద్దెకిస్తే ఇంటివాళ్లు కూడా అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఐదుగురికి మొత్తం ఇల్లు ఇస్తామని ఎవరైనా అంటే అనుమానించాల్సిందే.

వరంగల్_వాసంతి
మా అత్తయ్య, మామయ్యలను పోయిన ఏడు తీసుకెళ్లాం కాబట్టి చెప్తున్నా. మీ లిస్టు కుర్రాళ్ల లిస్టు. పెద్దవాళ్లతో రోజుకి ఒక్క పెద్ద చోటు, దాని చుట్టూ కూర్చుని చూసేవి రెండు. అంతే. ఎనిమిది పెట్టుకుంటే ఎనిమిది చోట్లా ఫొటోలే మిగులుతాయి.

డబ్బు కంటే ముందు బాత్రూమ్‌ల సంగతి తేల్చుకోండి. మా అత్తయ్య మొదటి రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టలేదు. అడిగితే దాహం లేదంది. మధ్యాహ్నానికి తల తిరుగుతోందని బెంచీ మీద కూలబడితే అప్పుడు బయటపడింది, దారిలో బాత్రూమ్ దొరకదేమోనన్న భయం! సబ్‌వే స్టేషన్లలో బాత్రూమ్‌లు తక్కువ, ఉన్నవన్నీ బాగుండవు. అందుకే ప్లాన్‌లో చోట్లతో పాటు ఇవీ రాసుకోండి: 42వ వీధిలో బ్రయంట్ పార్క్ బాత్రూమ్ (లోపల తాజా పూలు పెట్టి ఉంటాయి, సంగీతం వినిపిస్తుంది, అత్తయ్య బయటికొచ్చి మామయ్యని కూడా చూసి రమ్మని పంపింది), దాన్ని ఆనుకునే ఉన్న పబ్లిక్ లైబ్రరీ, గ్రాండ్ సెంట్రల్ స్టేషన్, స్టాటెన్ ఐలాండ్ దీవికి వెళ్లే ఫెర్రీ పడవ. తర్వాతి బాత్రూమ్ ఎక్కడో ముందే చెప్తే వాళ్లు నీళ్లు తాగుతారు.

ఓహియో_చిన్నోడు
వాసంతి గారూ, మా అమ్మ కూడా అచ్చం ఇంతే. కారులో కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్ వెళ్లినా నీళ్లు తాగదు. ఈ కోణం నాకు తట్టనే లేదు. మెట్ల సంగతి ఏం చేయాలి? సబ్‌వేలో లిఫ్టులు ఉంటాయా?

మిడ్‌టౌన్_మూర్తి
చాలా స్టేషన్లలో ఉండవు. ఈ నగరం సబ్‌వే 1904లో మొదలైంది, అప్పట్లో చాలా స్టేషన్లకి లిఫ్టు పెట్టలేదు. మ్యాప్‌లో వీల్‌చైర్ గుర్తున్న స్టేషన్లే ఎంచుకోండి, ఆ రోజు లిఫ్టు పనిచేస్తోందో లేదో సబ్‌వే నడిపే ఎంటీఏ సంస్థ యాప్‌లో పొద్దున్నే చూసుకోండి.

అంతకంటే మంచి ఉపాయం సిటీ బస్సు. అన్ని బస్సుల్లోనూ ర్యాంపు ఉంటుంది, అడిగితే డ్రైవర్ బస్సు ముందు భాగాన్ని కిందికి వంచుతాడు. ఫిఫ్త్ అవెన్యూ మీద దక్షిణానికి వెళ్లే ఎం1, ఎం2, ఎం3 బస్సుల్లో ఏదో ఒకటి సెంట్రల్ పార్క్ పక్కన ఎక్కండి. కిటికీ పక్కన కూర్చుంటే పార్క్, సెయింట్ పాట్రిక్స్ చర్చి, రాక్‌ఫెల్లర్ సెంటర్, లైబ్రరీ ముందున్న రాతి సింహాలు, 34వ వీధిలో ఎంపైర్ స్టేట్ అన్నీ వరసగా వస్తాయి. టూరిస్టు డబుల్ డెక్కర్‌కి మనిషికి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదీ తిరగొచ్చు. ట్రాఫిక్ ఉంటే ఇంకా మంచిది, మెల్లగా వెళ్తుంది.

ఛార్జీ 2026 జనవరి నుంచి 3 డాలర్లు. ఫోన్ లేదా కార్డు తాకిస్తే చాలు. రెండు గంటల్లోపు సబ్‌వే నుంచి బస్సుకి మారితే మళ్లీ కట్టక్కర్లేదు. అయితే ఎవరి కార్డు వాళ్లే తాకించాలి, అందరికీ ఒకటే వాడితే లెక్కలు గజిబిజి అవుతాయి. 44 అంగుళాల లోపు ఎత్తున్న పిల్లలకి ఫ్రీ, మీ పాపని గోడ దగ్గర నిలబెట్టి కొలిచి చూసుకోండి.

ఎడిసన్_లక్ష్మి
జెర్సీ సిటీలో దిగితే న్యూజెర్సీ నుంచి మన్‌హటన్‌కి వెళ్లే పాత్ రైలు ఉంది. అది నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కే వెళ్తుంది, జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లోనూ, అక్కడా కూడా లిఫ్టులు ఉన్నాయి. పాత్ టికెట్ వేరు, సబ్‌వే టికెట్ వేరు, ఒకదానిది ఇంకోదానికి చెల్లదు, అది గుర్తుంచుకో. ఎన్‌జే ట్రాన్సిట్ (న్యూజెర్సీ రాష్ట్ర రవాణా సంస్థ) రైళ్లలో అయితే 62 దాటినవాళ్లకి తక్కువ ధర టికెట్ ఉంది. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ వర్తిస్తుంది, వయసు చూపించడానికి ఏదో ఒక గుర్తింపు దగ్గర ఉంచుకోండి.

నెల్లూరు_నాని
స్టాచ్యూకి డబ్బులు దండగ. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ పూర్తిగా ఫ్రీ, టికెట్టే లేదు. రాత్రీ పగలూ తిరుగుతుంది, ఒకవైపు 25 నిమిషాలు, దారిలో విగ్రహం కనబడుతుంది. కూర్చోవడానికి చోటు, బాత్రూమ్ అన్నీ ఉన్నాయి. అవతల అందరినీ దించేస్తారు, చుట్టూ తిరిగి అదే పడవ ఎక్కి వచ్చేయడమే. అయిపోయింది.

వరంగల్_వాసంతి
నాని గారూ, ఫెర్రీ మంచిదే, కానీ అక్కడి నుంచి విగ్రహం బొటనవేలంత కనబడుతుంది. "దీనికోసమా ఇంత దూరం వచ్చింది" అని మా మామయ్య అననే అన్నారు. కొందరికి దగ్గరికి వెళ్లి తలెత్తి చూస్తేనే తృప్తి. ముందు మీ ఇంట్లోవాళ్లని అడగండి.

ఎడిసన్_లక్ష్మి
దగ్గరికే వెళ్లాలంటే మన్‌హటన్ దక్షిణ కొసనున్న బ్యాటరీ పార్క్ నుంచి వద్దు, న్యూజెర్సీ వైపు లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి వెళ్లండి. అదే కంపెనీ పడవ, అదే ధర, పెద్దలకి సుమారు 25 డాలర్లు, 62 దాటితే కాస్త తక్కువ. క్యూ చిన్నది, కారు అక్కడే పెట్టుకోవచ్చు. ఆ టికెట్‌లోనే ఎల్లిస్ ఐలాండ్, విగ్రహం దగ్గరి మ్యూజియం కూడా వస్తాయి. కిరీటం దాకా ఎక్కే టికెట్ జోలికి పోవద్దు, పీఠం పైనుంచి ఇంకా 162 మెట్లు, లిఫ్టు లేదు.

బ్యాటరీ పార్క్ దగ్గర మెడలో కార్డు వేసుకుని "స్టాచ్యూ టికెట్, స్టాచ్యూ టికెట్" అని వెంటపడేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర కొనొద్దు. వాళ్లు ఎక్కించే పడవ ఆ దీవిలో ఆగనే ఆగదు. స్టాచ్యూ సిటీ క్రూజెస్ సైట్‌లో ముందే కొనుక్కో. టైమ్స్ స్క్వేర్‌లో బొమ్మల వేషాలవాళ్లు కూడా అంతే, పాప పరిగెత్తి పక్కన నిలబడితే ఫొటో తీసేలోపే చెయ్యి చాపుతారు.

సందేహాల_సత్తి
మెట్ మ్యూజియం మనకి తోచినంత ఇచ్చి వెళ్లొచ్చు కదా? మా కజిన్ డాలర్ ఇచ్చి వెళ్లాడట.

మిడ్‌టౌన్_మూర్తి
పాత మాట. 2018 మార్చి నుంచి ఆ సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రంవాళ్లకీ, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల విద్యార్థులకీ మాత్రమే. బయటివాళ్లకి 30 డాలర్లు, 65 దాటితే 22. నాన్నగారికి తగ్గింపు వస్తుంది, అమ్మగారికి రాదు. మ్యూజియం గొప్పదే, కాదనను. కానీ మూడు రోజుల ప్రయాణంలో మోకాళ్ల నొప్పి మనిషిని చలువరాతి నేల మీద మూడు గంటలు నడిపించడానికి అంత డబ్బు నేనైతే పెట్టను. బయట మెట్ల దగ్గర ఫొటో, వెనకాలే సెంట్రల్ పార్క్.

ఎంపైర్ స్టేట్ గురించి కూడా చెప్పేస్తా. ఎక్కితే ఒక్క టవరే ఎక్కండి. ఎంపైర్ స్టేట్ ఎక్కితే కనబడనిది ఒక్క ఎంపైర్ స్టేటే, అందుకే రాక్‌ఫెల్లర్ సెంటర్ మీద ఉన్న టాప్ ఆఫ్ ద రాక్ నాకిష్టం. సూర్యాస్తమయం వేళ టికెట్ ధర పెంచుతారు, పొద్దున్నే వెళ్లండి.

ఎడిసన్_లక్ష్మి
ఒక్క టవరూ వద్దు. వీహాకెన్‌లో బులవార్డ్ ఈస్ట్ అని రోడ్డు ఉంది, హడ్సన్ నది ఒడ్డున ఎత్తు మీద. కారు ఆపుకుని బెంచీ మీద కూర్చుంటే మన్‌హటన్ మొత్తం ఎదురుగా దీపాలతో. పైసా ఖర్చు లేదు. మా ఇంటికి ఎవరొచ్చినా రాత్రి అక్కడికే తీసుకెళ్తాం.

నెల్లూరు_నాని
రూజ్‌వెల్ట్ ఐలాండ్ ట్రామ్ మర్చిపోయారు అందరూ. తీగ మీద వేలాడుతూ ఈస్ట్ రివర్ దాటుతుంది, సబ్‌వే ఛార్జీయే. ఎక్కింది దిగింది తెలియకుండా అయిపోతుంది గానీ పాపకి జన్మంతా గుర్తుంటుంది. చాలా చోట్లకి కలిపి అమ్మే సిటీ పాసులు కొనొద్దు బ్రదర్. అవి రోజుకి మూడు నాలుగు చోట్లు తిరిగేవాళ్లకే గిట్టుబాటు.

ఓహియో_చిన్నోడు
ఇన్ని వివరాలా! అందరికీ థాంక్స్. తిండి సంగతీ, నాన్న లెక్కల సంగతీ మిగిలాయి.

గుంటూరు_గీత
తిండికి: మన్‌హటన్‌లో లెక్సింగ్టన్ అవెన్యూ, 27, 28 వీధుల దగ్గర దక్షిణాది శాకాహార హోటళ్లు వరసగా ఉంటాయి. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ పక్కన ఇండియా స్క్వేర్. ఫ్లషింగ్ గణేశుడి గుడికి వెళ్తే కింద క్యాంటీన్‌లో దోసెలు చవగ్గా, బాగుంటాయి. కానీ న్యూజెర్సీ నుంచి అది దూరం, దానికోసం పూట పోతుంది. మీకు అంతకంటే మంచి గుడి దారిలోనే ఉంది కదా! కొలంబస్ నుంచి వచ్చేటప్పుడు మూడు గంటలు నడిపాక పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుడి గుడి. దర్శనం అవుతుంది, పులిహోర దొరుకుతుంది, కాళ్లు చాపుకోవచ్చు. పెద్దవాళ్లకి ఆ ప్రయాణంలో అదే పెద్ద ఆకర్షణ అయినా ఆశ్చర్యపోను.

నాన్నగారి లెక్కలకి ఒకటే మందు. టికెట్లన్నీ ముందే కొనేసి, వెనక్కి ఇవ్వరని చెప్పేయడమే. ధర అడిగితే ఆఫర్‌లో వచ్చిందనండి. మా ఇంట్లో అన్నీ ఆఫర్లే.

పాతకాపు
గీతమ్మా, అబద్ధాలతో ఎన్ని రోజులు నెట్టుకొస్తాం. మా నాన్న ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. చొక్కా జేబులో చిన్న డైరీ, దానికి తగిలించిన పెన్ను. ఇక్కడికొచ్చిన మొదట్లో ప్రతి కాఫీనీ రాసి, పక్కన రూపాయలు రాసి, కింద గీత గీసేవారు. నేను ధర దాచే కొద్దీ ఆయన రసీదులు వెతికేవారు. తర్వాత షికాగో వెళ్లినప్పుడు పద్ధతి మార్చాను. రోజు ఖర్చుకి నగదు ఆయన చేతికే ఇచ్చి, "ఇందులో ఐదుగురికీ తిండీ తిరుగుడూ మీరే చూడాలి నాన్నా" అన్నాను. ఇంక చూడాలి ఆయన్ని! ఐస్‌క్రీమ్ రెండు కొని నలుగురికి పంచారు, మిగిలిన డబ్బుతో సాయంత్రం పడవ టికెట్లు ఆయనే కొన్నారు. ఖరీదు గురించి ఒక్క మాట లేదు. ఖర్చు పెట్టేది ఆయనే కదా మరి.

పెద్ద టికెట్లు మాత్రం నువ్వు ముందే కొనుక్కో, వాటిని ఆ డబ్బులో కలపకు.

గుంటూరు_గీత
మా నాన్నకి డబ్బు చేతికిస్తే మూడు రోజులూ అరటిపళ్ల మీద బతికించేస్తారండీ. మనిషిని బట్టి.

వరంగల్_వాసంతి
హహ. చిన్నోడు గారూ, 9/11 మెమోరియల్ మాత్రం లిస్టులోంచి తీయకండి. మ్యూజియానికి టికెట్ గానీ, బయటి మెమోరియల్ ఉచితం. కూలిన రెండు టవర్ల చోటే రెండు పెద్ద నీటి కొలనులు, అంచుల మీద కంచులో 2,983 పేర్లు. ఎవరి పుట్టినరోజు వస్తే ఆ రోజు వాళ్ల పేరు దగ్గర తెల్ల గులాబీ గుచ్చుతారు. మా మామయ్య ఆ పేర్లలో మనవాళ్ల పేర్లు వెతుక్కుంటూ వేలితో తడుముతూ చుట్టూ తిరిగారు. మేం అరగంట అనుకుంది చాలాసేపు పట్టింది. ఆయన్ని తొందరపెట్టాలనిపించలేదు.

అందరూ అన్నీ కలిసే చూడాలనే పట్టు కూడా వదిలేయండి. బ్రూక్లిన్ బ్రిడ్జి అమ్మగారికి వద్దు, మైలు పైనే నడక, నీడ లేదు, 2024 నుంచి బ్రిడ్జి మీద అమ్మేవాళ్లని కూడా తీసేశారు, నీళ్ల సీసా కూడా దొరకదు. నాన్నగారూ మీరూ నడవండి, అమ్మగారూ పాపా బ్రూక్లిన్ వైపు పార్క్‌లో గుర్రాల రంగులరాట్నం దగ్గర కూర్చుంటారు.

ఓహియో_చిన్నోడు
రెండు రోజులు ఇంట్లో పంచాయితీ నడిచింది. తేలింది ఇది.

లాంగ్ వీకెండ్‌కి ఒక వారం ముందు. గురువారం పొద్దున్నే బయల్దేరి పిట్స్‌బర్గ్ గుడి, రాత్రికి జెర్సీ సిటీ. అక్కడ వంటగది ఉన్న సూట్ దొరికింది, నాలుగు రాత్రులకి పన్నులతో కలిపి మా బడ్జెట్‌లో సగం కొంచెం దాటింది. శుక్రవారం పాత్ రైల్లో 9/11 మెమోరియల్, ఎద్దు, ఫెర్రీ. టికెట్ ఖర్చు సున్నా! శనివారం సెంట్రల్ పార్క్, ఫిఫ్త్ అవెన్యూ బస్సు, బ్రయంట్ పార్క్, లెక్సింగ్టన్‌లో భోజనం, రాత్రి బులవార్డ్ ఈస్ట్. పాప కోసం ట్రామ్, ఓపిక ఉంటేనే. మెట్, టవర్లు, బ్రిడ్జి తీసేశాం.

ఫెర్రీ చాలు, పడవలో కూర్చుని చూస్తానని అమ్మ అంది. నాన్న మాత్రం దగ్గరికి వెళ్లాల్సిందే అన్నారు, ఈయన రూపాయల్లోకి మార్చని టికెట్ ఇదొక్కటే. అందుకని ఆదివారం పొద్దున మొదటి పడవకి నాన్నా నేనూ లిబర్టీ స్టేట్ పార్క్ నుంచి వెళ్తాం, మిగతావాళ్లు నిద్ర లేచి మెల్లగా ఇండియా స్క్వేర్. సోమవారం తిరుగు ప్రయాణం.

పాతకాపు గారి సలహా కూడా పాటిస్తున్నా. నాన్నకి చెప్పాను, రోజుకి ఎంత ఇస్తావని అడిగి, అందులోంచి పది తగ్గించి ఇవ్వమన్నారు.

పాతకాపు
మా నాన్నకి తమ్ముడు దొరికాడు.

ఎడిసన్_లక్ష్మి
అమ్మ బీపీ మాత్రలు సూట్‌కేసులో కాదు, చేతి సంచీలో పెట్టించు. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో నీ ఫోన్‌లో, మీ ఆవిడ ఫోన్‌లో కూడా ఉండాలి. జెర్సీ సిటీలో ఏమైనా ఇబ్బంది అయితే ఇక్కడ రాయి, చూసుకుంటాం.

ఓహియో_చిన్నోడు
తప్పకుండా అక్కా. చివరిగా ఒక్కటి. ఫెర్రీలో విగ్రహం ఏ వైపు కనబడుతుంది? అమ్మని ముందే ఆ వైపు సీట్లో కూర్చోబెడతాను.

నెల్లూరు_నాని
మన్‌హటన్ నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు. వచ్చేటప్పుడు ఎడమవైపు. తలుపులు తెరిచే ముందే నిలబడండి, ఆ వైపు సీట్లు క్షణాల్లో నిండిపోతాయి.